వెన్న మళ్ళీ వెన్న అవుతుందా?

రెండవ తరగతి చదివే అమ్మాయి బడి బస్సు దిగి ఇంటికి రాగానే "ఈ రోజు సైన్సులో ఏం చెప్పారమ్మా?" అని తండ్రి అడుగుతాడు. "ఐసు కరిగించాం నాన్నా. వెన్న కరిగించాం. ఉడికిన గుడ్డు చూపించారు. ఏది మళ్ళీ ముందులాగా అవుతుందో, ఏది అవదో చెప్పమన్నారు" అంటుంది ఆ పిల్ల. "అంతేనా?" అంటాడు తండ్రి.

ఆయన గుంటూరులోనో వరంగల్లులోనో చదువుకొన్నవాడు. పదార్థము అనగానేమి అని అడిగితే "బరువు కలిగి, స్థలమును ఆక్రమించునది" అని తడుముకోకుండా చెప్పగలిగినవాడు. భౌతిక మార్పులకూ రసాయనిక మార్పులకూ గల భేదాలను, కాగితం మధ్యలో గీత గీసి అటు ఐదు, ఇటు ఐదు వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవాడు. ఆ చదువే ఆయనను సముద్రాలు దాటించింది. అందుచేత, వెన్న కరిగించి చూడడం కూడా ఒక పాఠమేనా అని ఆయనకు అనిపించడంలో వింత లేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయనే పూనుకొని అణువుల సంగతి, ద్రవీభవన స్థానం సంగతి పిల్లకు చెప్పేస్తాడు. పిల్ల తల ఊపుతుంది. మరునాడు తరగతిలో ఆ మాటలు అప్పచెప్పి, ఎలా తెలుసునని ఉపాధ్యాయిని అడిగితే "మా నాన్న చెప్పారు" అంటుంది.

అమెరికాలోని తెలుగు ఇళ్ళలో ఈ చిన్న నాటకం తరచుగా జరిగేదే. తండ్రి ఉద్దేశం మంచిది. చెప్పినదీ తప్పు కాదు. అయినా ఆ పాఠంలో ఉన్న సారమంతా ఆ రాత్రి అన్నం పళ్ళెం దగ్గరే ఆవిరైపోయింది. ఉపాధ్యాయిని అడిగినది ఏ వస్తువు తిరిగి వస్తుందని మాత్రమే కాదు, నీకెలా తెలుసునని.

ఈ పాఠం ఒక ఉపాధ్యాయిని ఇష్టానుసారం పెట్టుకొన్నది కాదు. 2011లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి శాస్త్రబోధనకు ఒక చట్రాన్ని రూపొందించింది. దానిని అనుసరించి 26 రాష్ట్రాల ముందడుగుతో 2013 ఏప్రిల్‌లో "నెక్స్ట్ జనరేషన్ సైన్స్ స్టాండర్డ్స్" అనే ప్రమాణాలు వెలువడ్డాయి. కాలిఫోర్నియా ఆ ఏడే, న్యూజెర్సీ మరుసటి ఏడు వాటిని స్వీకరించాయి. తెలుగువారు పెద్దసంఖ్యలో ఉన్న టెక్సాస్ మాత్రం వాటిలో చేరక తన సొంత ప్రమాణాలనే నడుపుకొంటోంది. అక్కడా రెండవ తరగతిలో పదార్థ ధర్మాలు, అవి మారే తీరు ఉన్నాయి. 2013 నాటి ప్రమాణాలలో రెండవ తరగతికి నిర్దేశించిన ఒక అంశం ఇది: వేడిచేయడం వల్ల, చల్లార్చడం వల్ల కలిగే మార్పులలో కొన్ని వెనక్కి మళ్ళుతాయనీ, కొన్ని మళ్ళవనీ విద్యార్థి సాక్ష్యంతో వాదించాలి. మళ్ళే వాటికి ఉదాహరణలుగా నీటినీ వెన్ననూ, మళ్ళని వాటికి ఉడికిన గుడ్డునూ, గడ్డకట్టించిన ఆకునూ, వేడిచేసిన కాగితాన్నీ సూచించారు.

ఏడేళ్ళ పిల్ల సాక్ష్యంతో వాదించడం! ఆ చిన్న షరతు గుంటూరు పరీక్షాపత్రంలో లేదు. అక్కడ గుడ్డు ఉడకడం రసాయనిక మార్పు అని వ్రాస్తే చాలు. ఎలా తెలిసిందని ఎవరూ అడగరు, అడిగితే పుస్తకంలో ఉన్నదన్నదే సమాధానం.

కొన్ని బడులలో ఇదే పాఠం మరొక రూపంలో వస్తుంది. బర్క్‌లీలోని లారెన్స్ హాల్ ఆఫ్ సైన్స్ వారు తయారుచేసిన ఒక పాఠ్యక్రమంలో రెండవ తరగతి పిల్లలు బడికి పనికివచ్చే జిగురును తామే రూపొందించాలి. ఏ పిండి అంటుకొంటుంది, ఏది అంటుకోదు, వేడిచేస్తే ఏమవుతుంది, ఆరిన తరువాత ఎంత బరువు మోస్తుంది అని వారాల తరబడి చూసి, వ్రాసుకొని, ఒక్కొక్క మిశ్రమాన్ని మెరుగుపరుస్తారు. ఇదంతా చేతిపనుల తరగతి అనుకొనే తల్లిదండ్రులు తమ చిన్నతనాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి. సంక్రాంతి నాడు గాలిపటానికి కాగితం అంటించినది అన్నం మెతుకులతోనే. ఊరి గోడల మీద సినిమా పోస్టర్లు నిలిచినది మైదాపిండి ఉడికించిన జిగురుతోనే. పచ్చి పిండి నీళ్ళలో కలిపితే అడుగుకు దిగుతుంది, ఉడికిస్తే జిగురవుతుంది. పిండిలోని సూక్ష్మమైన రేణువులు సుమారు 60 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటిని పీల్చి ఉబ్బి, పగిలి, తమలోని పొడవాటి గొలుసులను నీటిలోకి వదులుతాయి. చల్లారినా అవి మళ్ళీ పచ్చి పిండి రేణువులు కావు. ఇది వెనక్కి మళ్ళని మార్పు. మెతుకుతో పటం అంటించిన పిల్లవాడికి ఆ సంగతి చేతి వేళ్ళకు తెలుసు. అది శాస్త్రమని చెప్పినవారు లేకపోయారు, అంతే.

పిల్లలకు ముందు వస్తువునిచ్చి తరువాత పేరునివ్వాలన్న ఈ పద్ధతి వెనుక ఉన్నవారిలో రాబర్ట్ కార్‌ప్లస్ ముఖ్యుడు. 1927లో వియన్నాలో పుట్టి, నాజీల కాలంలో దేశం విడిచి కుటుంబంతో అమెరికా చేరిన వలసబిడ్డ ఆయన. 2013లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన మార్టిన్ కార్‌ప్లస్ ఆయన తమ్ముడే. బర్క్‌లీలో సైద్ధాంతిక భౌతికశాస్త్రం చెప్పే ఈ ఆచార్యుడు 1950ల చివరలో తన కూతురి ప్రాథమిక తరగతికి వెళ్ళి విద్యుత్తు గురించి ఒక ప్రసంగం చేశాడు. తాను చెప్పేదానికీ పిల్లల మనస్సులో ఏర్పడేదానికీ పొంతన ఉండదన్న సమస్య ఆయనను అక్కడి నుంచి వదలలేదు. 1960లలో ప్రాథమిక పాఠశాలల శాస్త్రబోధనకే జీవితంలో పెద్ద భాగం ధారపోశాడు. ఆయనా ఆయన సహచరులూ ప్రచారంలోకి తెచ్చిన క్రమం సులభమైనది: మొదట పిల్లలు వస్తువుతో తిరగడం, తరువాత ఉపాధ్యాయుడు ఆ అనుభవానికి తగిన మాటను పరిచయం చేయడం, ఆ పైన ఆ మాటను వేరొక చోట వాడి చూడడం. నేటి పాఠాలలో చాలావాటికి ఇదే వెన్నెముక.

ఇది అమెరికా వారికే తట్టిన ఆలోచన కూడా కాదు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలలలో మొదలైన శాస్త్రబోధన కార్యక్రమం పల్లెటూరి పిల్లలచేతనే ప్రయోగాలు చేయించి, పుస్తకం దగ్గర పెట్టుకొని వ్రాసే పరీక్షలు పెట్టింది. మూడు దశాబ్దాలు నడిచిన ఆ కార్యక్రమాన్ని 2002లో ఆ రాష్ట్ర ప్రభుత్వమే నిలిపివేసింది.

రెండవ తరగతి వెన్న సంగతి అటుంచి, ఐదవ తరగతికి వచ్చేసరికి తెలుగు తండ్రికి ఇంకొక ఆశ్చర్యం ఎదురవుతుంది. పదార్థం కంటికి కనిపించనంత చిన్న రేణువులతో ఏర్పడినదన్న భావనకు ఆ తరగతి పిల్లలు ఒక నమూనా కట్టాలి. కాని ఆ రేణువులను నిర్వచించమని పరీక్షలో అడగకూడదని ప్రమాణాలు స్పష్టంగా చెబుతున్నాయి. పరమాణువు అన్న పేరు రాకపోయినా ఫరవాలేదన్నమాట! ఇది విన్న తండ్రి తల పట్టుకొంటే పట్టుకోవచ్చు. అయితే రసాయనశాస్త్రం నడిచివచ్చిన దారి తెలిసినవారికి ఇందులో అన్యాయమేమీ కనిపించదు. డాల్టన్ పరమాణు సిద్ధాంతం వెలువడి నూరేళ్ళు గడిచినా, విల్‌హెల్మ్ ఆస్ట్‌వాల్డ్ అంతటి రసాయనవేత్త పరమాణువుల ఉనికిని ఒప్పుకోలేదు. లెక్కలకు అవి పనికివస్తే రావచ్చు, ఉన్నాయనడానికి సాక్ష్యమేదీ అన్నాడు. నీటిలో తేలే సూక్ష్మకణాలు నిలకడ లేకుండా కదలడాన్ని 1827లో రాబర్ట్ బ్రౌన్ గమనించాడు. దానికి 1905లో ఐన్‌స్టైన్ గణితం చెప్పాడు. జాఁ పెరాఁ కొలిచి చూపాడు. అప్పుడు గాని, 1909 ప్రాంతంలో, ఆస్ట్‌వాల్డ్ మనసు మారలేదు. నోబెల్ బహుమతి పొందిన పండితుడికి అన్నేళ్ళు పట్టిన సంగతిని పదేళ్ళ పిల్లవాడు ఒక్క వాక్యంలో నమ్మాలనడం విశ్వాసమవుతుంది గాని శాస్త్రమనిపించుకోదు. మూసిన గ్లాసులో గాలి చోటు ఆక్రమిస్తుందనీ, ఉప్పు నీటిలో కనిపించకపోయినా త్రాసుకు తెలుస్తుందనీ ముందు చూసినవాడికి, ఆ తరువాత పరమాణువు పేరు ఎప్పుడు చెప్పినా అతుకుతుంది.

ఇక్కడ తెలుగు పిల్లలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. తెలుగులో మంచుగడ్డా కరుగుతుంది, పంచదారా కరుగుతుంది. ఒకటి వేడి తగిలి ద్రవమవుతుంది. రెండవది నీటిలో కలిసి కనుమరుగవుతుంది. ఇంగ్లీషులో మొదటిది మెల్ట్, రెండవది డిజాల్వ్. ఇంట్లో తెలుగు వినే పిల్ల తరగతిలో పంచదార మెల్ట్ అయిందంటే ఉపాధ్యాయిని దిద్దుతుంది. ఆ సంగతి తెలిసిన తల్లి, ఇంట్లో తెలుగు మాట్లాడడం వల్లనే ఇలా జరిగిందేమోనని బెంగపడుతుంది. ఆ బెంగ అనవసరం. ఇంగ్లీషు తప్ప వేరే భాష తెలియని పిల్లలు కూడా ఈ రెంటినీ కలగలిపేస్తారని ఉపాధ్యాయులందరికీ అనుభవమే. పైగా ఒకే మాట వెనుక రెండు వేర్వేరు సంగతులున్నాయని కనిపెట్టడం ఆ పిల్లకు దొరికిన అదృష్టం. మంచుగడ్డ కరగడానికి వేడి చాలు, ఇంకొక వస్తువు అక్కరలేదు. పంచదార కరగడానికి నీరు కావాలి. రెండు గిన్నెలు ముందు పెడితే ఆ భేదం పిల్లే చెబుతుంది.

చిక్కు ఒకచోట ఉంటే కలిమి నాలుగు చోట్ల ఉంది. పొయ్యి మీద జరిగే పనులకు తెలుగులో ఉన్నన్ని మాటలు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు. పాలు కాగుతాయి, పొంగుతాయి. నీళ్ళు మరుగుతాయి. పప్పు ఉడుకుతుంది. కూర ఇగురుతుంది. గారె వేగుతుంది. అడుగు మాడుతుంది. చలికి నెయ్యి పేరుకొంటుంది, పాలు తోడుకొంటాయి. ఇగరడం అంటే నీరు ఆవిరై పోవడమనీ, మాడడం అంటే మళ్ళీ తిరిగిరాని మార్పనీ ఆ మాటలలోనే ఉంది. ఆరు నెలలు ఉండి వెళ్ళడానికి వచ్చిన అమ్మమ్మ ఈ మాటలన్నిటినీ వేటికవిగా, ఎక్కడ ఏది వాడాలో అక్కడే వాడుతుంది. అరిసెల పాకం పట్టేటప్పుడు ఆమె పళ్ళెంలోని చన్నీళ్ళలో నాలుగు చుక్కలు వేసి వేళ్ళతో కూడదీసి చూస్తుంది. ఉండ కడితే పాకం వచ్చినట్టు, జారిపోతే ఇంకా రానట్టు. నీరు పోయేకొద్దీ పాకం మరిగే ఉష్ణోగ్రత పెరుగుతూ పోతుంది. అమెరికాలో మిఠాయి చేసేవారు ఇదే దశను "సాఫ్ట్ బాల్" అంటారు. థర్మామీటరు పెడితే అది సుమారు 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ చూపిస్తుంది. అమ్మమ్మ వద్ద థర్మామీటరు లేదు, సాక్ష్యం ఉంది. "ఎలా తెలుసు?" అని మనుమరాలు అడిగితే ఆమె పుస్తకం పేరు చెప్పదు, పళ్ళెం చూపిస్తుంది. ఆ పిల్ల బడిలో నేర్చుకొనేదీ, అమ్మమ్మ వంటింట్లో చేసేదీ ఒకటేనని వారిద్దరికీ చెప్పగలిగిన మనిషి ఆ ఇంట్లో ఒక్కడే, రెండు భాషలూ తెలిసిన ఆ తండ్రి. ఆయన మాత్రం ద్రవీభవన స్థానం దగ్గర ఉన్నాడు.

ఇంత చెప్పినా తండ్రి "అంతేనా"లో సగం న్యాయం ఉంది. ఆయన తప్పు పట్టినది మాత్రం తప్పు చోట. అమెరికా ప్రాథమిక పాఠశాలలలో సైన్సు చెప్పే తీరులో కన్నా, చెప్పే సమయంలోనే అసలు లోపం ఉంది. 2018లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం కిండర్‌గార్టెన్ నుంచి మూడవ తరగతి వరకు సైన్సుకు దక్కేది రోజుకు సగటున 18 నిమిషాలు. చదవడం, వ్రాయడానికి 89 నిమిషాలు, లెక్కలకు 57 నిమిషాలు. నాలుగు నుంచి ఆరు తరగతులలో సైన్సు 27 నిమిషాలకు చేరుతుంది. కారణం వెతకడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. 2002లో అమలులోకి వచ్చిన "నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్" చట్టం మూడు నుంచి ఎనిమిది తరగతుల వరకు ఏటేటా చదువులోనూ లెక్కలలోనూ పరీక్షలు పెట్టమన్నది. సైన్సుకు మాత్రం మూడు, ఐదు తరగతుల మధ్య ఒక్కసారి చాలునన్నది. 2015లో వచ్చిన కొత్త చట్టం ఆ లెక్కను అలాగే ఉంచింది. పరీక్ష లేని దానికి గడియారం ఉండదన్నది గుంటూరులోనూ నిజమే, గ్రాండ్ ర్యాపిడ్స్‌లోనూ నిజమే.

పద్దెనిమిది నిమిషాలలో వెన్న కరగదు. కరిగినా తిరిగి గట్టిపడదు. ఉపాధ్యాయిని వీడియో ఒకటి చూపించి ముగిస్తే అది ఆమె నేరం కాదు. బడి సమావేశాలకు వెళ్ళే తెలుగు తల్లిదండ్రులు తమ పిల్లకు గణితంలో పై తరగతి ఎందుకు ఇవ్వలేదని గట్టిగానే అడుగుతారు. సైన్సుకు వారానికి ఎన్ని గంటలిస్తున్నారని అడిగేవారు అరుదు. ప్రవాసాంధ్రులలో ఇంతమంది ఇంజనీర్లు, వైద్యులు, రసాయన కంపెనీలలో పనిచేసేవారు ఉండి కూడా ఈ ప్రశ్న అడగకపోవడం విచారించదగినది. సాయంకాలం పిల్లను మరొక వర్క్‌షీట్ల కేంద్రానికి కారులో దింపడానికి పట్టే ముప్పావు గంట ఉంటుంది కదా, అందులో సగం వంటింటికి చెందితే బడి ఇవ్వలేని సమయం ఇంట్లో దొరుకుతుంది.

ఇక వెన్న దగ్గరకే వద్దాం. వెన్న మార్పు వెనక్కి మళ్ళుతుందని ప్రమాణాలు చెప్పిన ఉదాహరణ ఎంతవరకు నిజం? గోరువెచ్చగా కరిగించి ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది, అంతవరకు నిజమే. కాని వెన్న అంటే ఒట్టి కొవ్వు కాదు. అమెరికా నిబంధనల ప్రకారం అందులో కనీసం 80 శాతం పాలకొవ్వు ఉండాలి. మిగిలిన దానిలో ఎక్కువ భాగం నీరు, కొద్దిగా పాల మాంసకృత్తులు, పాలచక్కెర. ఆ నీరు కంటికి కనిపించని బొట్లుగా కొవ్వు మధ్య ఇరుక్కొని ఉంటుంది. కరిగిస్తే బొట్లు కలిసి అడుగుకు దిగుతాయి. మళ్ళీ గట్టిపడినది వెన్నలా కనిపిస్తుంది గాని రొట్టెమీద వెన్నలా సాగదు. తెలుగు వంటింట్లో కథ ఇంకా ముందుకు పోతుంది. వెన్న కాస్తే నీరు 100 డిగ్రీల దగ్గర చిటపటలాడుతూ వెళ్ళిపోతుంది. ఆ చిటపట ఆగిన తరువాత వేడి పెరిగి, మాంసకృత్తులూ పాలచక్కెరా కలిసి గోధుమరంగుకు తిరుగుతాయి. 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయ్యార్ వర్ణించిన చర్య ఇదే, కమ్మని వాసన దానిదే. దించి చల్లార్చితే నెయ్యి పేరుకొంటుంది, నిదానంగా చల్లారితే పూస కడుతుంది. అది వెన్న మాత్రం కాదు, ఎప్పటికీ కాదు.

అంటే తరగతిలో వెన్న "మళ్ళే" వైపు పడితే, తెలుగు ఇంటి పిల్ల చెయ్యెత్తి "మా ఇంట్లో మళ్ళదు" అనవచ్చు. మంచి ఉపాధ్యాయిని అయితే ఆ రోజు పాఠం అక్కడి నుంచే మొదలుపెడుతుంది. ఉడికిన గుడ్డు సంగతి కూడా అంత ఖాయమేమీ కాదు. 2015లో కాలిఫోర్నియా, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఉడికిన తెల్లసొనలోని ఒక మాంసకృత్తును యూరియాతో, వేగంగా తిరిగే ఒక యంత్రంతో మళ్ళీ పనిచేసే రూపానికి తెచ్చారు. గుడ్డు మొత్తం పచ్చిది కాలేదు, కాని "మళ్ళదు" అన్న మాటకు ఒక పగులు పడింది. ఏడేళ్ళ పిల్లకు ఈ సంగతులన్నీ చెప్పనక్కరలేదు. తన గిన్నెలో తాను చూసినదాన్ని బట్టి మాట్లాడితే చాలు.

అమెరికా దుకాణంలో దొరికే ఒక పౌను వెన్న, అంటే నాలుగు కడ్డీలు, 454 గ్రాములు తూగుతుంది. పెద్దవాళ్ళు పొయ్యి దగ్గర నిలబడి కాచి, చల్లారిన తరువాత నేతినీ అడుగున మిగిలిన మడ్డినీ పిల్లలచేత తూయిస్తే త్రాసు సుమారు 380 గ్రాములకు కాస్త అటూఇటూగా చూపిస్తుంది. ఐదవ తరగతి చదివే అన్నకు బడిలో ఆ ఏడు చెప్పే పాఠం, ఏ మార్పు జరిగినా మొత్తం బరువు మారదని. చెల్లెలు త్రాసు చూపిస్తుంది. అన్న త్రాసు పాడయిందంటాడు, ఒలికిందంటాడు, అమ్మమ్మ నాకిందంటాడు. ద్రవ్యనిత్యత్వాన్ని 1789లో స్పష్టంగా వ్రాసిన లవోజియే కూడా అదే పుస్తకంలో వేడిని 33 మూలద్రవ్యాలలో ఒకటిగా చేర్చాడు, కనుక అన్నను చూసి నవ్వనక్కరలేదు. తండ్రి ఆ సమయానికి అక్కడే ఉన్నాడు. జవాబు ఆయన నాలుక చివరనే ఉంది. ఆయన నోరు తెరవకుండా, రెండవసారి వెన్న కాచేటప్పుడు చిటపటలు మొదలవగానే ఒక చల్లని మూతను ఒక్క నిమిషం గిన్నెపై ఎత్తి పట్టుకొని, తిరగేసి పిల్లల ముందు పెడతాడు. మూత నిండా నీటి బొట్లు.